చక్రం కింద ఇసుక

వాన వెలిసిన పూట రాజమండ్రి స్టేషన్లో ప్లాట్‌ఫారం చివరిదాకా నడిచి, గూడ్సు బళ్లు ఆగి బయల్దేరే లైను వంక ఒకసారి చూడండి. పట్టా నెత్తిన, దాని పక్కన కంకర మీద, కొన్ని గజాల మేర తెల్లటి పొడి చార కనబడుతుంది. వ్యాగన్లోంచి రాలిన సిమెంటేమో అనుకుంటాం. కాదు, అది ఇసుక. ఇంజను తన చక్రాల ముందు తానే పోసుకుని, నలిపి పొడి చేసి, దానిమీద పట్టు దొరకబుచ్చుకుని వెళ్లిపోయిన ఆనవాలు.

ఇసుకంటే మన గోదావరి జిల్లాల వాళ్లకి ర్యాంపులు, పడవలు, లారీలు, సగంలో ఉన్న ఇల్లు గుర్తొస్తాయి. వేల గుర్రాల బలమున్న కరెంటు ఇంజను కూడా షెడ్డు దాటే ముందు ఇసుక నింపుకుంటుందంటే నమ్మడానికి కాస్త సమయం పడుతుంది. బొగ్గు పోయింది, డీజిలు వచ్చింది, పైన తీగలొచ్చాయి, క్యాబులోకి కంప్యూటర్లొచ్చాయి. ఇసుక పెట్టె మాత్రం చక్రం పక్కనే ఉంది. ఇందులో చాలా నేర్పుంది. అది ఎవరి కంటా పడదు కాబట్టే దాని సంగతి చెప్పాలనిపించింది.

రైలు లాభమంతా ఉక్కు మీద ఉక్కు దొర్లడంలో ఉంది. లారీ టైరు కింద వృథా అయ్యే శక్తిలో చిన్న భాగంతోనే ఉక్కు చక్రం సాగిపోతుంది. అంత సులువుగా దొర్లేచోట పట్టు తక్కువ. ఇబ్బందంతా ఇక్కడే. పది టన్నుల బరువు మోసే ఇంజను చక్రం పట్టాను తాకేది ఒక చదరపు సెంటీమీటరు మేర, దానికి కాస్త అటూ ఇటూ. ఇంజను లాగే లాగుడంతా ఆ కొద్దిచోటు గుండానే పోవాలి. నున్నటి చక్రం నున్నటి పట్టా మీద బరువు లాగలేదన్న భయంతో ఇంగ్లండులో బ్లెంకిన్సాప్ అనే ఆయన 1812లో పళ్ల చక్రాన్నీ పళ్ల పట్టానూ వాడాడు. మరుసటి ఏడాదే వైలమ్ గనుల దగ్గర విలియం హెడ్లీ, బరువు చాలినంత ఉంటే నున్నటి చక్రమే పట్టుకుంటుందని చూపించాడు. ఇద్దరిదీ నిజమే. పట్టా పొడిగా ఉన్నప్పుడు హెడ్లీ మాట చెల్లుతుంది. తడిసినప్పుడు బ్లెంకిన్సాప్ భయం మళ్లీ ప్రాణం పోసుకుంటుంది.

కొంచెం లెక్క చూద్దాం. మన లైన్ల మీద తిరిగే డబ్ల్యూఏజీ-9 గూడ్సు ఇంజను బరువు 123 టన్నులు, బలం 6,120 హార్స్‌పవర్. మోటార్లు సుమారు 46 టన్నుల లాగుడు ఇవ్వగలవు. శుభ్రమైన పొడి పట్టా మీద పట్టు ఇంజను బరువులో 30 శాతం దాకా ఉంటుంది, అంటే 37 టన్నులు. తడిసి జిడ్డెక్కిన పట్టా 15 శాతమే ఇచ్చిందనుకుందాం. చేతికొచ్చేది 18 టన్నులు. 5,000 టన్నుల బండిని చదును నేల మీద నిలుచున్న చోటినుంచి కదపాలంటే, టన్నుకు 4 కిలోల చొప్పున 20 టన్నుల లాగుడు కావాలి. ఆ రెండు టన్నుల లోటు దగ్గర బండి కదలదు. ఇంజను బలమంతా చక్రాన్ని ఉన్నచోటే గిరగిరా తిప్పడానికి ఖర్చవుతుంది. ఇసుక పడి పట్టు 25 శాతానికి ఎక్కితే 30 టన్నులు దొరుకుతాయి, బండి సాగుతుంది. మోటార్లకు ఒక్క హార్స్‌పవర్ కూడా కలపకుండానే.

కొండా గుట్టా లేని డెల్టాలో దీని అవసరమేమిటని అడగొచ్చు. ఇక్కడ చిక్కు ఎత్తుతో కాదు, తేమతో. జోరువాన పట్టాను కడిగేస్తుంది, అది నయం. సన్నజల్లు, ధనుర్మాసపు మంచు మాత్రం పట్టా మీది తుప్పునీ దుమ్మునీ నూనె చుక్కలనీ కలిపి పలచటి జిగురు పూత పూస్తాయి. కోతల రోజుల్లో రైలు గేట్ల దగ్గర ట్రాక్టర్ల చక్రాలు చేలల్లోని బురదను తెచ్చి పట్టాలకు పులుముతాయి. దీనికి తోడు గూడ్సు బళ్ల బతుకు ఉండనే ఉంది. ఎక్స్‌ప్రెస్‌లకి దారివ్వడానికి కడియంలోనో ద్వారపూడిలోనో అనపర్తిలోనో లూపులోకి, అంటే పక్క లైనులోకి, తప్పుకుని నిలబడాలి. మెయిన్ లైను పట్టా రోజంతా చక్రాల కింద మెరుగుపడుతూ ఉంటుంది. లూపు పట్టాకి ఆ అదృష్టం తక్కువ, తుప్పు ఎక్కువ. సిగ్నలు పడగానే అంత బరువునూ ఆ పట్టా మీదనుంచే మళ్లీ కదపాలి.

ఇక గోదావరి వంతెనలు. 1897 నవంబరులో పని మొదలై 1900 ఆగస్టులో తెరుచుకున్న హేవలాక్ వంతెన 56 ఖానాల మీద దాదాపు శతాబ్దం బళ్లను మోసి 1997లో విశ్రాంతి తీసుకుంది. ఇప్పుడు రైళ్లు నడిచేది 1974 నాటి రోడ్డు కం రైలు వంతెన మీదా, 28 విల్లు కమానుల కాంక్రీటు వంతెన మీదా. రోడ్డు కం రైలు వంతెన రాజమండ్రి ఒడ్డున, ఊరి ఇళ్ల మధ్యకి రావలసి వచ్చి, 6 డిగ్రీల వంపు తిరుగుతుంది. రైలు లెక్కల్లో ఒక్కో డిగ్రీ వంపు టన్నుకు 0.4 కిలోల అదనపు అడ్డు తెస్తుంది. అంటే ఆ మలుపులో ఉన్న ప్రతి వ్యాగనూ సుమారు 400 అడుగులకి ఒక అడుగు ఎత్తు ఎక్కుతున్నట్టే లెక్క. కంటికి చదునుగా కనిపించే చోటే ఇంజను ఎక్కుడు ఎక్కుతోందన్నమాట, అదీ ఏటి తేమలో. ఏటిగాలి ఇంకో చిక్కు. గొట్టం మూతి ఏమాత్రం ఎత్తుగా ఉన్నా, పక్కకి తిరిగినా ఇసుక పట్టాను చేరకుండానే నీళ్లపాలవుతుంది. అందుకే గొట్టం కొన చక్రమూ పట్టా కలిసే మూలకి గురిపెట్టి, పట్టాకి రెండు మూడు అంగుళాల ఎత్తులో ఉండేలా షెడ్డులో ఫిట్టర్లు సరిచేస్తారు. చక్రం అరిగినకొద్దీ ఈ కొలత మారిపోతుంది, మళ్లీ చూసుకోవాలి. కోట్ల రూపాయల ఇంజను వానలో లాగగలదా లేదా అన్నది ఒక్కోసారి ఆ అంగుళం దగ్గర తేలిపోతుంది.

ఇసుక చేసే పని చాలామంది అనుకునేట్టు కేవలం గరుకుతనం ఇవ్వడం కాదు. టన్నుల బరువు కింద ప్రతి రేణువూ పగులుతుంది. పగిలిన అంచులు నీటిపొరనీ జిడ్డుపొరనీ చీల్చి అటు చక్రంలోకీ ఇటు పట్టాలోకీ దిగుతాయి. మిగిలిన పొడి తేమని కాస్త పీల్చుకుంటుంది. ఇందుకు పెద్ద మోతాదు అక్కర్లేదు. ఒక్కో గొట్టం నుంచి నిమిషానికి సాధారణంగా కిలో, మహా అయితే రెండు కిలోలు. అంతకు మించి పోస్తే ఇసుకే చక్రానికీ పట్టాకీ మధ్య మెత్తలా తయారవుతుంది. రెండిటినీ అరగదీస్తుంది కూడా.

ఆవిరి ఇంజన్ల కాలంలో మొదట ఇసుక తన బరువుతో తానే గొట్టంలోంచి జారేది. కాస్త చెమ్మ తగిలితే గడ్డకట్టి గొట్టం మూసుకుపోయేది. అమెరికా వాళ్లు ఇసుక గుమ్మటాన్ని బాయిలరు నెత్తినే పెట్టి ఆ వేడితో పొడిగా ఉంచుకున్నారు. అసలు మలుపు 1886లో వచ్చింది. ఇంగ్లండులో మిడ్లాండ్ రైల్వేవారి డెర్బీ వర్క్‌షాపులో హోల్ట్ అనే ఆయన ఇసుకని సరిగ్గా చక్రం కిందికి ఊదే ఏర్పాటు కనిపెట్టాడు, మొదట గాలితో, తర్వాత ఆవిరితో. ఒకే జత లాగుడు చక్రాలున్న ఇంజన్లు వేగంగా పోతాయి గానీ జారుతాయని అప్పటికే వాటిని పక్కన పెట్టేస్తున్నారు. ఇసుక గురి కుదరగానే 1887 నుంచి అదే రైల్వే ఇంజనీరు శామ్యూల్ జాన్సన్ మళ్లీ అవే ఇంజన్లు కట్టించాడు. స్పిన్నర్లని పేరొచ్చిన ఆ అందమైన ఇంజన్లకి రెండో జన్మనిచ్చింది ఒక సన్న గొట్టం. యంత్రాల చరిత్ర రాసేవాళ్లు పెద్ద బాయిలర్లకి ఇచ్చే చోటులో కొంత దీనికీ ఇవ్వాలి.

ఎంత గొప్ప ఏర్పాటున్నా అసలు విద్య వేళ తెలియడంలో ఉంది. చక్రం గిర్రున తిరగడం మొదలయ్యాక దాని కిందికి ఇసుక వదిలితే, చక్రం ఉన్నపళంగా పట్టాను పట్టేస్తుంది. ఆ కుదుపంతా ఇరుసులకీ గేర్లకీ తగులుతుంది. ఆవిరి ఇంజన్లలో చక్రాలని కలిపే కడ్డీలు వంగిపోయేది ఇలాంటప్పుడే. తిరిగే చక్రం కింద పట్టా కూడా వేడెక్కి మాడుతుంది. ఆ మాడిన మచ్చ గట్టిపడి పెళుసెక్కి, తర్వాత పగులుకి మూలమవుతుంది. కాబట్టి జారితే ముందు బలం తగ్గించాలి, చక్రం కుదురుకున్నాక ఇసుక వదలాలి, ఆపైన మెల్లగా నాచ్ నాచ్‌గా బలం పెంచాలి. అంతకన్నా మంచిది జారకముందే వదలడం. ఎడమా కుడీ రెండు పట్టాల మీదా సమంగా పడాలి, ఒకవైపే పడితే ఇరుసు మెలిపడుతుంది.

మన పాత తరం కరెంటు ఇంజన్లు, డబ్ల్యూఏజీ-5, డబ్ల్యూఏజీ-7 వంటివాటిలో లోకో పైలట్ కాలి దగ్గర పీఎస్‌ఏ అనే పెడల్ ఉంటుంది. తొక్కితే గాలి పీడనంతో ఇసుక పడుతుంది. మోటార్ల కరెంట్లలో తేడా వస్తే రిలే పసిగట్టి, చక్రం జారుతోందని చెప్పే ఎల్‌ఎస్‌పీ దీపం వెలిగిస్తుంది, బలాన్ని తానే తగ్గిస్తుంది, ఇసుకనీ తానే వదులుతుంది. డబ్ల్యూఏజీ-9లో కంప్యూటరు ఇరుసుల వేగాలని పోల్చి చూస్తూ క్షణంలో సర్దుతుంది. ఇవన్నీ గొప్ప ఏర్పాట్లే. అయితే ఆ యంత్రానికి తెలిసేది జారడం మొదలయ్యాకే. ముందు గేటు దగ్గర బురదుందనీ, ఈ లూపు పట్టా తుప్పు పట్టి ఉంటుందనీ, తెల్లవారుజామున వంతెన మీద మంచు దిగి ఉంటుందనీ తెలిసేది పైలట్‌కి. దారి గుర్తుపెట్టుకున్న మనిషి కాలు రిలే కంటే ముందుంటుంది. ఆ తెలివిని నేను ఏ సాంకేతిక విద్యకీ తక్కువగా చూడను.

ఎక్కడ వేయకూడదో తెలియడం కూడా ఇందులో భాగమే. పాయింట్ల మీద పడితే జరిగే పట్టాల కింద ఇసుక చేరి అవి సరిగ్గా మూసుకోవు. ఇసుక పొడి కరెంటుని పోనివ్వదు కాబట్టి, పట్టాల్లో కరెంటు పంపి బండిని గుర్తించే ట్రాక్ సర్క్యూట్ ఉన్నచోట చక్రానికీ పట్టాకీ మధ్య అది అడ్డుపడితే, ఆ లైను మీద బండి ఉన్నట్టు సిగ్నలు వ్యవస్థకి తెలియకపోవచ్చు. ఒంటరి ఇంజను ఇసుక పోసుకుని దానిమీదే ఆగడం ఇందుకే ప్రమాదం.

ఈ విద్యకి పరీక్ష చూడాలంటే మన తీరం వదిలి కొత్తవలస–కిరండూల్ లైనుకి వెళ్లాలి. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకి దించే దారి అది. 58 సొరంగాలు, అరకు కనుమలో 60కి 1 వాలు, సుమారు 996 మీటర్ల ఎత్తున శిమిలిగూడ స్టేషన్. 60కి 1 అంటే ప్రతి టన్నుకూ దాదాపు 17 కిలోల అదనపు లాగుడు. 1,300 టన్నుల ఖాళీ బండిని పైకెక్కించడానికే వాలు ఒక్కటే 22 టన్నులు అడుగుతుంది. నిండు బండి దిగేటప్పుడు కథ తిరగబడుతుంది. అప్పుడు ఇసుక లాగడానికి కాదు, ఇంజను బ్రేకు పట్టినప్పుడు చక్రం బిగుసుకుని జారిపోకుండా ఆపడానికి. జారితే చక్రం ఒకచోట చదునుగా అరిగిపోతుంది, ఆ తర్వాత ప్రతి చుట్టుకీ పట్టా మీద సమ్మెటదెబ్బ వేస్తుంది.

అన్ని ఇసుకలూ దీనికి పనికిరావు. కావలసింది గట్టి స్ఫటికపు రేణువు, పదునైన అంచులతో, మట్టి లేకుండా, ఒకే తీరు పరిమాణంలో, పూర్తిగా పొడిగా. సముద్రపు ఇసుకలో ఉప్పుంటుంది. ఉప్పు తేమని లాగి గొట్టం మూస్తుంది, ఉక్కుని తింటుంది. కొండరాయి పిండి చేసిన రోబో శాండ్‌కి అంచులు పదునే గానీ దుమ్ము పాలు ఎక్కువ, స్ఫటికం పాలు తక్కువ. నది ఇసుకకే మొగ్గు. అయితే అదీ ర్యాంపులో ఎత్తినట్టే పెట్టెలో పోయడానికి లేదు. మేస్త్రీ గుప్పెట పట్టి పిండి, అరచేతికి మట్టి అంటిందా అని చూస్తాడే, షెడ్డులో పరీక్ష అంతకన్నా కఠినం. కడగాలి, జల్లెడ పట్టాలి, మరమరాల బట్టీలో ఇసుకలా చెమ్మన్నది లేకుండా వేడిచేసి ఆరబెట్టాలి, పెట్టె మూత సందుల్లోంచి వాన దూరకుండా చూడాలి. జపాన్‌లో షింకన్‌సెన్ కోసం ఇసుక బదులు అల్యూమినా రేణువులని చిమ్మే పరికరాలు తయారుచేశారు. కొద్దిగా వాడితే చాలు, ఎక్కువ వేగంలోనూ గురి తప్పదు. వేల గూడ్సు ఇంజన్లకి రోజూ నింపాలంటే మాత్రం ఇసుకంత చవకైనది ఇంకా దొరకలేదు.

ఈ పనిలో అందరికంటే వెనకుండేది ఇసుకని జల్లించి, ఆరబెట్టి, పెట్టెలు నింపేవాళ్లు. స్ఫటికపు సన్న దుమ్ము ఏళ్ల తరబడి పీలిస్తే ఊపిరితిత్తులు గట్టిపడే సిలికోసిస్ వస్తుంది, దానికి మందు లేదు. గుడ్డ కట్టుకుంటే ఆగే దుమ్ము కాదది. ఇసుకని మూసి ఉన్న డ్రమ్ములో ఆరబెట్టి, తొట్టెలోంచి గొట్టం ద్వారా నేరుగా ఇంజను పెట్టెలోకి పంపే యంత్రాలు ఇప్పటికే ఉన్నాయి. బకెట్లూ పారలూ మానేసి అవి ప్రతి షెడ్డుకీ రావాలి. అవి వచ్చేదాకా ఆ పని చేసేవాళ్లకి దుమ్ము వడకట్టే సరైన మాస్కులు ఇవ్వాలి, ఏటా ఛాతీ పరీక్ష చేయించాలి.