పంచనామాలో పుస్తకం

పోలీసులు సోదా చేసి రాసే కాగితాన్ని మనం రచనగా చూడం. పంచనామా అంటే వేలిముద్ర వేసి భయంతో పక్కకు జరిగే కాగితం. కానీ అదీ ఒకరు కూర్చుని రాసిందే. రాసినవారు దేన్ని చూశారు, దేన్ని వదిలేశారు, ఏ వస్తువుకు ఏ పేరు పెట్టారు అన్నది కథను విమర్శించినట్టే విమర్శించవచ్చు. ఇక్కడ అదే చేస్తున్నాను.

నేను తీసుకున్నది కర్ణాటక కేసు. అయినా మనవాడి కేసే. విఠల మలెకుడియది దక్షిణ కన్నడ జిల్లా బెళ్తంగడి తాలూకా కుత్లూరు. కుదురేముఖ్ నేషనల్ పార్కు అడవిలోని ఊరు. మలెకుడియలు అక్కడి ఆదివాసులు. విఠల మంగళూరు విశ్వవిద్యాలయంలో జర్నలిజం చదువుతుండగా 2012 మార్చిలో అతన్నీ, అతని తండ్రి లింగప్పనూ పోలీసులు అరెస్టు చేశారు. మావోయిస్టులకు సాయపడ్డారని ఆరోపణ. ఉపా చట్టం, దాంతోపాటు రాజద్రోహం సెక్షను పెట్టారు. అతన్ని పరీక్షకు బేడీలతో తీసుకెళ్లారు.

సాక్ష్యంగా స్వాధీనం చేసుకున్నవాటిలో మూడింటి గురించి చెబుతాను. భగత్ సింగ్ మీద ఒక పుస్తకం. దినపత్రికల నుంచి కత్తిరించిన ముక్కలు. ఊరికి కనీస సౌకర్యాలు కల్పించేదాకా పార్లమెంటు ఎన్నికలను బహిష్కరించాలని రాసిన ఒక ఉత్తరం.

ఉపాధ్యాయ మిత్రులు ఒక్క నిమిషం ఆగి ఆలోచించండి. ఆగస్టు 15న మన బడుల్లో ఏదో ఒక పిల్లవాడికి కాటుకతో మీసం దిద్ది, టోపీ పెట్టి భగత్ సింగ్ అని నిలబెడతాం. అందరూ చప్పట్లు కొడతారు. ఆ పిల్లవాడే పెద్దయ్యాక అసలు భగత్ సింగ్ ఏం చెప్పాడో చదువుదామని పుస్తకం కొంటే అది జప్తు వస్తువైంది. వేషం వేయవచ్చు కానీ చదవకూడదన్నమాట. ఇక పత్రికల ముక్కలు. జర్నలిజం విద్యార్థి దగ్గర అవి కాక ఇంకేం ఉంటాయి? టీటీసీలో మా చేత ఇలాంటి ముక్కలే అట్టపుస్తకంలో అంటింపజేసి మార్కులు వేశారు.

నన్ను ఎక్కువ ఆపింది మూడోది, ఉత్తరం. రోడ్డు వేస్తేనే ఓటు అని మైదానపు ఊళ్లలో ఎన్నికల ముందు బ్యానర్లు కడతారు. మర్నాడు జిల్లా పేజీలో ఫోటో వస్తుంది, అధికారులు వచ్చి బతిమాలతారు. మన గూడెంలో గర్భిణిని డోలీ మీద మోసుకెళ్లి వచ్చిన మనిషి అదే మాట కాగితం మీద పెడితే దానికి వేరే అర్థం వస్తుంది. వాక్యం ఒకటే. రాసిన చెయ్యి ఎవరిది, ఎక్కడ దొరికింది అన్నదాన్ని బట్టి అర్థం మారిపోయింది. పంచనామా రాసినవారు ఉత్తరాన్ని చదవలేదు, ఉత్తరం ఉన్న తావును చదివారు.

జడ్జి మాత్రం ఉత్తరాన్ని చదివారు. 2021 అక్టోబరు 21న మంగళూరులోని జిల్లా కోర్టు తండ్రీకొడుకులను నిర్దోషులుగా విడిచిపెట్టింది. భగత్ సింగ్ పుస్తకం దగ్గర పెట్టుకోవడాన్ని ఏ చట్టమూ అడ్డుకోదని, పత్రికలు చదవడమూ నేరం కాదని, ఉత్తరంలో ఉన్నవి ఊరివాళ్ల కోరికలేనని తీర్పులో చెప్పింది. బడిలో పదో తరగతి పిల్లవాడు కూడా చేయగల పఠనం ఇది. అది జరగడానికి తొమ్మిదిన్నరేళ్లు పట్టింది. 23 ఏళ్ల వయసులో పట్టుకున్నవాణ్ణి 32 ఏళ్లకు వదిలారు. ఈలోగా అతను పత్రికా విలేఖరి అయ్యాడు, సంతోషమే. కానీ అందరికీ అంత గట్టి ప్రాణం ఉండదు.

చట్టం ఏమంటుందో మన పిల్లలకు తెలియాలి. ఒక పుస్తకాన్ని ప్రభుత్వం నిషేధించదలిస్తే దానికి పద్ధతి ఉంది. పాత నేరవిచారణ చట్టంలో అది 95వ సెక్షను. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త సంహితలో 98. కారణాలు చూపుతూ ప్రభుత్వం నోటిఫికేషను ఇవ్వాలి. ఆ తర్వాత ఆ పుస్తకం కోసం ఇంట్లోకి వచ్చి వెతకాలంటే మేజిస్ట్రేటు వారెంటు ఉండాలి, వచ్చే అధికారి సబ్‌ఇన్‌స్పెక్టరుకు తక్కువ కాకూడదు. నిషేధం తప్పనుకుంటే రెండు నెలల్లోపు హైకోర్టుకు వెళ్లవచ్చు, ముగ్గురు జడ్జిలు వింటారు. కారణాలు చూపడమన్నది ఉత్తమాట కాదు. పెరియార్ రామాయణం మీద రాసిన పుస్తకానికి లలయీ సింగ్ యాదవ్ వేసిన హిందీ అనువాదాన్ని ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం 1969లో జప్తు చేయిస్తే, కారణాలు చెప్పలేదు గనుక ఆ ఉత్తర్వు చెల్లదని 1976లో సుప్రీంకోర్టు తేల్చింది.

నిషేధం చేయాలంటే ప్రభుత్వం కారణం రాయాలి, జవాబు చెప్పుకోవాలి. అంత శ్రమ లేని దారి ఇంకొకటి ఉంది. పుస్తకాన్ని నిషేధించరు. బజారులో అమ్మనిస్తారు. వేరే కేసులో సోదాకు వచ్చి, అదే పుస్తకాన్ని ‘విప్లవ సాహిత్యం’ అని ఒక్క మాటలో పంచనామాలోకి ఎక్కిస్తారు. మాలపల్లి నవలను ఆనాటి మద్రాసు ప్రభుత్వం నిషేధించింది, కనీసం ఆ నవల పేరైనా ఉత్తర్వులో ఉంది. ఈ పద్ధతిలో రచయిత పేరు కూడా అక్కర్లేదు. నా దృష్టిలో ఇది నిషేధం కన్నా చెడ్డది, ఎందుకంటే దీన్ని ఏ హైకోర్టులో సవాలు చేయాలి?

2018 ఆగస్టు 28న భీమా కోరేగావ్ కేసులో పుణె పోలీసులు హైదరాబాదులో వరవరరావు ఇంటితో పాటు ప్రొఫెసర్ కె. సత్యనారాయణ ఇంటినీ సోదా చేశారు. ఇన్ని పుస్తకాలెందుకు, దేవుళ్ల పటాలు లేకుండా ఫూలే, అంబేద్కర్ బొమ్మలెందుకు అని అడిగారని ఆయన విలేఖరులకు చెప్పారు. దేశమంతా ఆ ప్రశ్న విని నవ్వింది, కోపగించింది. అక్కడ ఇన్ని పుస్తకాలెందుకు అన్నారు. మన ఇళ్లలో ఒక్క పుస్తకం ఎందుకు అంటారు. అప్పుడు నవ్వడానికి విలేఖరులు ఉండరు.

అదే రోజు ముంబయిలో అరెస్టయిన వెర్నన్ గోన్సాల్వెస్‌కూ, అదే కేసులోని అరుణ్ ఫెరీరాకూ సుప్రీంకోర్టు 2023 జులై 28న బెయిలిచ్చింది. హింసను ప్రేరేపించే రాతలైనా సరే, కేవలం వాటిని దగ్గర ఉంచుకున్నంత మాత్రాన ఉగ్రవాద నేరం కాదని అందులో ఉంది. మంచి మాట, మనం గుర్తుంచుకోవలసిన మాట. నా అసంతృప్తి ఏమిటంటే, అది బెయిలు తీర్పు, అదీ దాదాపు ఐదేళ్ల జైలు తర్వాత. సోదా చేసే చేతిని ఆపే మాట ఇంకా రావలసే ఉంది.

నేను తుపాకీని సమర్థించేవాణ్ణి కాను. రెండు వైపుల తుపాకుల మధ్యా నలిగిన గూడేల్లో పెరిగినవాణ్ణి. పోలీసులు ఆయుధం కోసం వెతికితే నాకు అభ్యంతరం లేదు. పుస్తకాన్ని ఆయుధాల వరసలో రాసినప్పుడే అభ్యంతరం.

సోదాకు ఊళ్లోని ఇద్దరు పెద్దమనుషులు సాక్షులుగా ఉండాలి, జాబితా నకలు ఇంటివాళ్లకు ఇవ్వాలి, కొత్త సంహిత 105వ సెక్షను ప్రకారం వీడియో తీయాలి. సాక్షులుగా ఎక్కువసార్లు మనలాంటి చదువుకున్నవాళ్లనే పిలుస్తారు. చదవకుండా సంతకం పెట్టకండి సార్లూ. ‘విప్లవ సాహిత్యం’ అని ఉంటే పుస్తకాల పేర్లు రాయమని అడగండి.

ఇంత చెబుతున్న నేను ఏం చేశానో కూడా చెప్పాలి. టీటీసీ అయిన ఏడాది నా దగ్గర ఎర్ర అట్ట లాంగ్‌బుక్ ఒకటి ఉండేది. మా నాయనమ్మ పాడిన కోయ పాటలు, పెళ్లివీ విత్తనాల పండగవీ, తెలుగు లిపిలో రాసుకున్నాను. పక్క గూడెంలో సోదాలు జరుగుతున్నాయని ఒక సాయంత్రం కబురొచ్చింది. నేను ఇంట్లో లేను. అమ్మకు చదువు రాదు. అట్ట రంగు చూసి, దాన్ని పొయ్యిలో పెట్టి ఆ మంట మీదే అంబలి కాచింది. ఆ రాత్రి మా ఇంటికి ఎవరూ రాలేదు. ఆ తర్వాతా రాలేదు. నాయనమ్మ మరుసటి వానాకాలంలో పోయింది. అమ్మను నేను ఒక్క మాట అనలేదు. ఎందుకంటే నేను ఇంట్లో ఉన్నా అదే చేసేవాణ్ణేమో.

మొన్న మా ఆశ్రమ పాఠశాలలో పదో తరగతి కుర్రాడొకడు గ్రంథాలయంలో భగత్ సింగ్ పుస్తకం అడిగాడు. తీసిచ్చాను. ఇష్యూ రిజిస్టరులో పుస్తకం పేరు రాసి, తీసుకున్నవారి పేరు రాసే గడి దగ్గర నా పెన్ను ఆగింది. అదీ ఒక జాబితానే కదా అనిపించింది. వాడు నా మొహం చూసి, "ఏంది సార్, మా ఇంటి పేరు మర్చిపోయిండ్రా?" అన్నాడు. ఇంటి పేరుతో సహా రాశాను. పన్నెండు రోజులకు తెచ్చిచ్చాడు. అట్ట మీద అన్నం మెతుకు ఒకటి ఎండి అంటుకుని ఉంది.