భృతితో కూడిన శిష్యరికము: ‘సమ్మర్ ఆఫ్ కోడ్’ పథకముపై విమర్శ

ప్రోగ్రామును ఎవరైనను చదువుటకు, దిద్దుటకు, పంచుటకు అనుమతించు సాఫ్ట్‌వేరును ఓపెన్ సోర్సు అందురు. డెబియన్ వంటి ప్రాజెక్టులలో పనిచేయువారు చాలవరకు స్వచ్ఛంద సేవకులే. పాతవారు తప్పుకొన్నపుడు క్రొత్తవారు రానిచో పని మూలబడును. ఇట్టి ప్రాజెక్టులకు యువకులను చేర్చుటకై గూగుల్ సంస్థ 2005లో ‘సమ్మర్ ఆఫ్ కోడ్’ పథకమును ప్రారంభించినది.

పద్ధతి సులభమైనది. ప్రాజెక్టులవారు చేయవలసిన పనులను ప్రకటింతురు. అభ్యర్థి ఒక పనిని ఎన్నుకొని, దాని నెట్లు సాధింపగలడో వ్రాసి పంపును. ఎంపికైనచో అనుభవజ్ఞుడొకడు అతనికి మార్గదర్శకుడగును. నడుమ నొకసారి, చివర నొకసారి పనిని పరీక్షించి, రెండు విడతలుగా భృతి నిత్తురు. మొదట విద్యార్థులకే పరిమితమైన ఈ అవకాశము, 2022 నుండి 18 ఏండ్లు నిండిన ఇతర నూతనాభ్యాసకులకును లభించుచున్నది.

దీని గుణమేమి? తరగతిలో వ్రాసిన ప్రోగ్రాము మార్కులు పడగానే మరుగున పడును. ఇచ్చట వ్రాసినదానిని ఇతరులు చదువుదురు, తప్పులెన్నుదురు, మెచ్చినచో వాడుకొందురు. ఎక్కువమంది ఎంపికైన విద్యాసంస్థలలో హైదరాబాదులోని ట్రిపుల్ ఐటీ పలుమార్లు నిలిచినది.

అయినను లోపములు లేకపోలేదు. మొదటిది భృతి. 2017 నుండి ఆయా దేశములలోని కొనుగోలు శక్తినిబట్టి దీనిని నిర్ణయించుచున్నారు. 350 గంటల పనికి 2024లో కనిష్ఠము 3,000 డాలర్లు, గరిష్ఠము 6,600 డాలర్లు. ఖర్చులనుబట్టి ఈయవలెనను వాదము త్రోసివేయదగినది కాదు. కాని పని ఒక్కటే, పరీక్షయు ఒక్కటే. సాంకేతిక రంగమున అవకాశములు కొరవడిన వర్గములకై నడచు ‘అవుట్‌రీచీ’ ఏ దేశీయులకైనను సమానముగా 7,000 డాలర్లు ఇచ్చుచున్నది. ఈ పద్ధతియే న్యాయమునకు దగ్గరగా నున్నది.

రెండవ లోపము ఇంతకంటె పెద్దది. మార్గదర్శకునికి గూగుల్ వేతన మీయదు. అతడు తన తీరిక వేళలను వెచ్చించి నేర్పవలెను. డబ్బుతో అభ్యర్థులను పెంచవచ్చును గాని ఓపికగల గురువులను పెంచలేము. గురువునకు తీరిక లేనిచో శిష్యుడు వారముల తరబడి సమాధానమునకై ఎదురుచూచును. వ్రాసిన ప్రోగ్రాము చేర్చబడక అట్లే యుండిపోవును.

కావున ఇట్టి పథకము విలువను ఎంపికైనవారి సంఖ్యతో కొలువరాదు. భృతి ముగిసిన పిమ్మట ఎందరు నిలిచిరి, వారిలో ఎందరు తిరిగి మార్గదర్శకులైరి అనునదే సరియైన కొలత.

ఉపాధ్యాయులు విద్యార్థులకు భృతిని ముందు చూపరాదు. ఒక ప్రాజెక్టును ఎన్నుకొని, దాని వివరణ పత్రములను చదివి, ఒక చిన్న దోషమును దిద్ది పంపుమని చెప్పవలెను. దీనికి దరఖాస్తు అక్కరలేదు, వయోనియమము సాధారణముగా అడ్డురాదు. అట్లు దిద్దుటకు అలవడినవానికి భృతి లభించినను, లభింపకున్నను విద్య మిగులును.