చివరి ఆయకట్టు ఫోను

రాత్రి తొమ్మిదైతే మా ఇంట్లో నెట్ నత్తనడక. మేడ మీద అద్దెకుంటున్న ఇంజినీరింగ్ పిల్లలను ఈ వారం నిలదీశాను. "మేం కాదంకుల్, వెనుక రూమ్‌ల మీ అమ్మ ఫోనే అందరి స్పీడు తింటున్నది" అన్నాడొకడు. ఆమె చేసేదల్లా మా చెల్లెతో వీడియోకాల్! ఒళ్లు మండింది.

మండినా, వాడన్నది నిజమే. మామూలు వైఫైలో పంచిపెట్టే పెద్దమనిషంటూ ఉండడు. ప్రతి పరికరం గాలి ఖాళీగా ఉందా అని వింటుంది, కాసేపు ఆగుతుంది, తన ముక్క పంపుతుంది. రౌటర్‌దీ అదే వరుస. వీటన్నిటికీ పెద్దక్క 1971లో హవాయిలో మొదలైన అలోహానెట్. దానికి వినడం కూడా లేదు. పంపేయడం, ఢీకొంటే మళ్లీ పంపడం. వినడం తర్వాతివాళ్లు నేర్పారు.

వంతులు సమానమే, వంతుకు పట్టే సమయం సమానం కాదు. పాత వైఫైలో దగ్గరి ఫోను 54 మెగాబిట్లతో, దూరపుది 6తో మాట్లాడుతున్నాయనుకోండి. అదే ముక్కకు రెండోదానికి తొమ్మిది రెట్ల సమయం. కాగితం మీద లెక్కేస్తే ఇద్దరికీ చెరి 5.4 దక్కుతుంది. ఫ్రాన్స్ పరిశోధకులు 2003లోనే ఈ వింతను బయటపెట్టారు.

నా బండి ఏ దారిన బయల్దేరినా పెద్ద చెరువు కట్టెక్కుతుందని మీకు తెలుసు. చివరి మడి తడవనిదే అది పంపకమే కాదని ఈ కాలమ్‌లో ఎన్నిసార్లు రాశానో! తూము దగ్గరివాడు రాత్రికి రాత్రి గండి కొట్టుకుంటే, పొద్దున నీరటి పార పట్టుకొని వచ్చి పూడ్చేవాడు. ఆ లెక్కన సమాన వంతులే న్యాయమని, అమ్మ పక్షాన వాదించాలనే కూర్చున్నాను.

కానీ కొన్ని కొత్త రౌటర్లు వంతులు కాక సమయం సమానంగా పంచుతాయి. అప్పుడు దగ్గరి ఫోనుకు 27, అమ్మకు 3. వీడియోకాల్‌కు 3 చాలు. చివరి మడీ తడిసింది, మొదటి మడీ ఎండలేదు.

అసలు సంగతి వేరే ఉంది. పొలానికి వాలు నేల ఇచ్చింది. ఇంట్లో వాలు పెట్టింది కనెక్షన్ ఇచ్చిన కుర్రాడు. వైరు ఎక్కడ దిగితే అక్కడే, వాకిలి పక్కన మేకు కొట్టి డబ్బా తగిలించి పోయాడు. ముందు దాన్ని నట్టింట్లోకి మార్చండి. కదలని టీవీకి వైరు లాగండి. అప్పటికీ ఆగితే, అద్దెకున్న పిల్లలను అడుగుదురు గాని.