రైలుబడి – ఆటనే మార్చిన మాస్టారు

తెత్సుకో కురొయనాగి తన చిన్ననాటి బడి గురించి రాసిన పుస్తకం 1981లో జపానులో వచ్చింది. తెలుగులో దాని పేరు ‘రైలుబడి’. అల్లరి చేస్తోందని ఒక బడి వాళ్ళు పంపేసిన పిల్లను కొబయాషి మాస్టారు చేర్చుకుంటారు. మొదటిరోజే ఆమె కబుర్లు నాలుగు గంటలు వింటారు. అక్కడ పాత రైలుపెట్టెలే క్లాసులు.

చదివినవాళ్ళు రైలుపెట్టెల గురించే చెప్తారు. నాకు ఆటల పోటీలు ఎక్కువ నచ్చాయి. తకహాషికి కాళ్ళూ చేతులూ పొట్టి. అయినా అన్నింట్లో అతనే ఫస్ట్! గుడ్డచేపలోకి దూరి బయటికి రావాలంటే పొట్టివాడికే సులువు కదా. మాస్టారు జాలిపడలేదు, ఆటనే మార్చారు. జాలిపడితే పిల్లలకు ఇట్టే తెలిసిపోతుంది.

ఒక లోటు ఉంది. ఆ బడి మొత్తానికి సుమారు 50 మందే పిల్లలు. క్లాసుకే అంతమంది ఉంటే నాలుగు గంటలు ఎవరికిస్తారు? పుస్తకంలో దీనికి జవాబు లేదు.

కానీ ఆట మార్చడం ఎక్కడైనా కుదురుతుంది. మా తిరువొత్తియూరులో చాలామందికి ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. ‘నీళ్ళు’ అనబోయి ‘తన్ని’ అంటే నవ్వేవాళ్ళున్నారు. తమిళంలో చెప్పింది వెంటనే తెలుగులో చెప్పే పోటీ పెట్టండి. ఆ పిల్లే ఫస్ట్ వస్తుంది.