బాణం గుర్తు, ఉల్లేఖకుని పేరు

వదంతిని వ్యాపింపజేసిన యంత్రమే దానికి విరుగుడు కూడా చూపగలదన్న వాదం ఇటీవల బలపడింది. అందులో నిజం లేకపోలేదు. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలంటూ రేగిన పుకార్లు 2018లో తెలుగునాట కూడా అమాయకుల ప్రాణాలు తీశాయి. ఆ జూలైలో వాట్సాప్ సంస్థ, ఈ దేశంలో ఒక సందేశాన్ని ఒకేసారి ఐదు చోట్లకు మించి పంపే వీలు లేకుండా చేసింది. 2020 ఏప్రిల్‌లో, పలుమార్లు చేతులు మారిన సందేశాన్ని ఒక్క చోటికే పరిమితం చేసింది. అటువంటివి 70 శాతం తగ్గాయని తానే ప్రకటించుకున్నది.

తగ్గినది వేగం మాత్రమే. ముస్లింలు కావాలనే కరోనా అంటిస్తున్నారంటూ పాత వీడియోలు దేశమంతటా తిరిగింది ఆ ఏప్రిల్‌లోనే. స్వర్ణముఖి ఒడ్డున నాయుడుపేటలో అలాంటిదొకటి ఎవరికైనా అందితే, జంట బాణాల గుర్తు అది చాలా చేతులు దాటిందని చెబుతుంది. ఆ చేతులెవరివో చెప్పదు. ముహద్దిసులు మొదట అడిగింది ఆ ప్రశ్ననే. ఎవరు, ఎవరి నోట విన్నారు, అతని జ్ఞాపకశక్తి ఎటువంటిది, నడవడి ఎటువంటిది? ఇస్నాద్ తెగిన ఉల్లేఖనను బలహీనమన్నారు. ఫార్వర్డ్ అంటే ఇస్నాద్ తెంచిన ఉల్లేఖనే గదా!

కృత్రిమ మేధ అబద్ధాన్ని పట్టిస్తుందన్న కొత్త వాగ్దానమూ ఉల్లేఖకుణ్ణి వదిలి మాటనే పరీక్షిస్తుంది. హుజురాత్ సూరా 6వ ఆయత్ విచారణ బాధ్యతను వార్త అందుకున్నవారిపై ఉంచింది. యంత్రవాదులు దానిని సంస్థలకు అప్పగిస్తున్నారు. 2018లో గద్వాల ఎస్పీ రెమా రాజేశ్వరి పోలీసులను, జానపద కళాకారులను ఊళ్లకు పంపి వదంతులను ఖండింపజేశారు. అక్కడ మాట చెప్పినవారి ముఖం కనిపించింది, ఎదురు ప్రశ్నకు చోటు దొరికింది.