కుమ్మరి సారె

నల్లగొండ, పాలమూరు పల్లెలలో కుమ్మరి త్రిప్పెడి పాతకాలపు సారెను దగ్గర నుండి పరికించినవారికి, తేలికయగు కర్ర ఆకుల చుట్టును బంకమన్నును నారయు కలిపి మెత్తిన బరువైన యంచు ఆ శిల్పి ప్రజ్ఞకు ప్రథమసాక్ష్యముగ గోచరించును. ఎంతటి యోచన! ఒకే బరువు ఇరుసునుండి రెట్టింపు దూరమున నున్నచో దాని జడత్వ భ్రామకము, అనగా తిరుగుడులో మార్పును ఎదిరించు గుణము, 4 రెట్లగును. రెండు విధముల ప్లాస్టిక్కుతో అంచు బరువెక్కించిన నేటి డిస్క్ గోల్ఫు ఆటలో విసరెడి బిళ్లయు నీ సూత్రముననే తన భ్రమణమును నిలుపుకొనును గాని, గాలిలో దాని గమనమును ఆకృతియే యధికముగ శాసించును. సారెకు గాలితో నిమిత్తము లేదు. అంచునందలి గుంటలో కర్ర మోపి వడిగ త్రిప్పి విడిచినంతనే, తడిచేతుల యొత్తిడికి సైతము వెంటనే మందగింపక, కుండ మెడ తీరువరకు తిరుగుచుండును. ఆ తిరుగుటలోనే కుమ్మరి దారముతో కుండ నడుగున కోసి, రెండరచేతులతో మెల్లగ నెత్తి దింపును.