కెమెరాకు చిక్కని పదేళ్లు

పగడపు దిబ్బలు వేడికి ఎలా నశిస్తున్నాయో లోకానికి చూపించాలని బయలుదేరిన ఒక బృందం కథ, జెఫ్ ఒర్లోవ్‌స్కీ తీసిన 'ఛేజింగ్ కోరల్' (2017). నీటి అడుగున అమర్చిన కెమెరాలు మొదట మొరాయించాయి. చివరికి 2016లో ఆస్ట్రేలియాలోని గ్రేట్ బ్యారియర్ రీఫ్‌లో, లిజార్డ్ దీవి దగ్గర జాక్ రాగో, అతని సహచరులు రోజూ నీళ్లలోకి దిగి, అవే పగడాలను అదే కోణంలో తామే చిత్రీకరించారు. ఆ దృశ్యాలను వరసగా చూస్తుంటే రంగుల దిబ్బ తెల్లబారుతుంది, దానిమీద నాచు పడుతుంది, కుళ్లిన కణజాలం పీలికలుగా వేలాడుతుంది. సైన్సును తెరమీద ఇంత బలంగా చెప్పిన సన్నివేశాలు అరుదు.

బ్లీచింగ్ అనగానే మనకు బ్లీచింగ్ పౌడరే గుర్తొస్తుంది. (అనువాదకులకు ఇదొక తలనొప్పి!) ఇక్కడ రంగును పోగొట్టేది ఏ రసాయనమూ కాదు. పగడం ఒక జంతువు. దాని కణాల్లో కాపురముండే సూక్ష్మ శైవలాలు సూర్యరశ్మితో ఆహారం తయారుచేసి, అందులో అధికభాగం దానికే ఇస్తాయి. వేసవి గరిష్ఠ ఉష్ణోగ్రతకన్నా నీరు ఒక డిగ్రీ ఎక్కువగా కొన్ని వారాలపాటు ఉంటే చాలు, పగడం వాటిని వెళ్లగొడుతుంది. అప్పుడు దాని పారదర్శకమైన ఒంట్లోంచి సున్నపు అస్థిపంజరం తెల్లగా కనిపిస్తుంది. అప్పటికింకా అది చావలేదు. నీరు త్వరగా చల్లబడితే శైవలాలు తిరిగి చేరవచ్చు. చిత్రం ఈ సంగతి చెబుతుందిగాని, దానిమీద నిలవదు.

నా అభ్యంతరం అక్కడే. చావు రెండు నెలల్లో కెమెరాకు చిక్కుతుంది. దిబ్బ తేరుకోవాలంటే పదేళ్లయినా కావాలి. అంతకాలం ఏ నిర్మాత ఆగుతాడు? అందుకే ప్రేక్షకుడికి శోకమే మిగులుతుంది.

మన లక్షద్వీప్‌నే తీసుకోండి. 1998 నాటి వేడికి అక్కడ పగడాలు విస్తారంగా చనిపోయాయి. అయినా కొన్ని దిబ్బలు తేరుకున్నాయి. అక్కడి జాలర్లు కర్రకు గాలం కట్టి, దిబ్బలకు అవతల ట్యూనా చేపలు పడతారు. అందువల్ల దిబ్బలమీది చేపలు మిగిలాయి. చిలుక చేపల వంటివి నాచును మేసేస్తే పగడపు పిల్లలకు చోటు దొరికింది. ఆ తర్వాత 2010, 2016, 2024లలో మళ్లీ దెబ్బ తగిలింది. రెండు దెబ్బల మధ్య గడువు చాలడంలేదు.

ఈ గడువు లెక్క చిత్రంలో లేదు. దిబ్బను నమ్ముకుని బతికే జాలరికీ అందులో చోటు అంతంతమాత్రమే. చివర్లో సౌరశక్తి, పవనశక్తి, బడిపిల్లల చప్పట్లు గబగబా వచ్చి వెళ్లిపోతాయి.

బడిలో చూపదలచిన ఉపాధ్యాయులు లిజార్డ్ దీవి భాగం అయ్యాక కాసేపు ఆపి, లక్షద్వీప్ పటం గోడకు తగిలించండి. ఆ దీవులు పగడాలు కట్టినవేనని చెప్పి, ఆ తర్వాత మిగతాది చూపించండి.